ఉప్పళము నుండి చెరకు దీవులకు

పుదుచ్చేరి పట్టణమునకు దక్షిణ భాగమున ఉప్పళమను పేట కలదు. తమిళమున ఉప్పళమనగా ఉప్పు పండించు మడులు గల చోటు. ఉప్పు అను మాట తెలుగు తమిళములకు ఉమ్మడి సొత్తు గావున ఈ పేరును తెలుగువారికి వేరుగ విప్పి చెప్పనక్కరలేదు. పట్టణమునకు రైలుమార్గము 1879లో వచ్చినది. ఆ స్టేషను ఈ పేటకు చేరువలోనే యున్నది. నేటి ఓడరేవును ఈ దిక్కుననే కలదు. సాయంకాలమున తీరము వెంట నడచువారికి తూర్పున నీరు తప్ప మరేమియు కానరాదు. కాని ఆ నీటిమీదుగనే, ఆఫ్రికా ఖండపు కొనను చుట్టి, భూగోళములో ఆవలి వైపున నున్న కరీబియను సముద్రపు దీవులకు ఈ పట్టణపు తీరము నుండి వేలకొలది జనులు తరలిపోయిరి. వారి సంతతివారు నేటికిని అచట గలరు. వారి వంటయింట మన పోపుడబ్బా వాసన గలదు. వారి ఇంటిపేర్లలో మన దేవతల పేర్లు గలవు. వారి నోట మాత్రము మన భాష లేదు. ఇల్లు విడిచిన జనుల వెంట ఏమి పోవును, ఏమి నిలుచును, ఏది ముందుగ జారిపోవును అను ప్రశ్నకు ఆ దీవుల చరిత్ర యొక సమాధానము.

పుదుచ్చేరికి ఆ కాలమున సహజమైన రేవు లేదు. ఓడలు తీరమునకు దూరముగ లంగరు దించి నిలిచెడివి. మేకులు లేకుండ కొబ్బరిపీచు త్రాళ్లతో పలకలను కుట్టి కట్టిన మసూలా పడవలలో సరకులను, మనుష్యులను కెరటములు దాటించి ఓడ యొద్దకు చేర్చెడివారు. 1866లో సముద్రములోనికి కట్టిన వంతెన ఈ కష్టమును కొంత తగ్గించెను. అది 1952లో తుపానుకు కూలిపోగా, తరువాత దక్షిణపు దిక్కున కొత్త వంతెన వెలసినది. 19వ శతాబ్దమున ఈ తీరము నుండి ఆఫ్రికాలోని సెనెగాలు దేశమునకు నీలిబట్టలు, ఫ్రాన్సులోని మార్సేయి రేవునకు వేరుసెనగలు పోయెడివి. ఆ సరకుల వరుసలోనే, ఇంచుమించు వానివలెనే లెక్కింపబడి, మనుష్యులును పోయిరి.

దీనికి కారణము చక్కెర. కరీబియను సముద్రములోని గ్వాడెలూపు, మార్టినీకు అను రెండు దీవులలో ఫ్రెంచివారు 1635లో కాలూనిరి. అచటి చెరకుతోటలలో పనికై ఆఫ్రికా నుండి పట్టి తెచ్చిన నల్లజాతివారిని రెండు శతాబ్దములు బానిసలుగ వాడుకొనిరి. 1848 ఏప్రిలు 27న ఫ్రెంచి ప్రభుత్వము, విక్టర్ షెల్షేర్ అను మహాశయుని పట్టుదలవలన, తన వలసదేశములన్నింటను బానిసత్వమును రద్దుచేసెను. స్వేచ్ఛ పొందినవారిలో పెక్కురు తమ పెద్దలు కొరడాదెబ్బలు తిన్న తోటలలో మరల అడుగుపెట్టుటకు ఇష్టపడలేదు. తోటల యజమానులు క్రొత్త పనివారికై నలుదిక్కుల వెదకిరి. ఫ్రెంచివారి యేలుబడిలోనే యున్న పుదుచ్చేరి, కారైకాలు రేవులు వారి కంట బడెను.

ఈ పద్ధతికి నాంది తెలుగుతీరముననే జరిగినది. గోదావరి పాయ యొడ్డున నున్న యానాము నుండి 1828లోనే 15 మంది తెలుగువారిని హిందూమహాసముద్రములోని రీయూనియను దీవికి చెరకు పనికై పంపిరి. ఆ దీవిని నాడు బూర్బను అనెడివారు. ఫ్రెంచివారి కాగితములలో ఆ పనివారికి 'తెలింగాలు' అను పేరు గలదు. వారి వెనుక మరికొన్ని ఓడలు పోయెను. బానిసత్వము రద్దగుటకు ఇరువది ఏండ్ల ముందే, ఒడంబడిక కూలీల పద్ధతిని పరీక్షించి చూచుటకు ఎన్నుకొన్న జనులు తెలుగువారగుట గమనింపదగిన విషయము. ఆ తొలి ప్రయత్నము సఫలము కాలేదు. కాని దారి మాత్రము తెరచుకొన్నది.

కరీబియను దీవులలో ఫ్రెంచివారి భాగమునకు పోయిన మొదటి ఓడ పేరు ఒరేలీ. అది పుదుచ్చేరిని విడిచి, గుడ్‌హోపు అగ్రమును చుట్టి, దాదాపు మూడు నెలలు ప్రయాణము చేసి, 1853 మే 6న మార్టినీకులోని సాంపియేరు రేవున 313 మందిని దించెను. 1854 డిసెంబరు చివరి వారమున అదే ఓడ గ్వాడెలూపులోని ప్వాంతపీత్రు రేవునకు 344 మందిని చేర్చెను. తరువాతి ముప్పదియైదు సంవత్సరములలో గ్వాడెలూపునకు సుమారు 42,000 మంది, మార్టినీకునకు సుమారు 25,000 మంది భారతీయులు పోయిరి. వారిలో తమిళులు అధికము. తెలుగువారును గలరు. కొంతకాలమునకు కలకత్తా రేవు నుండి ఉత్తరాదివారును వచ్చి కలసిరి. మొదటి ఓడ దిగిన సాంపియేరు పట్టణము 1902 మే 8న పెలే యను అగ్నిపర్వతము బద్దలగుటచే నిమిషములలో భస్మమై, సుమారు 28,000 మంది ప్రాణములు గోల్పోయిరి. మన వారు మొదట పాదము మోపిన వీధులు నేడు శిథిలములుగ మాత్రమే మిగిలినవి.

వీరు ఎట్లు పోయిరి? ఊరూర తిరుగు మేస్త్రీలు మాటలు చెప్పి జనులను కూడగట్టెడివారు. పంట లేని యేట మేస్త్రీ మాటకు బలము హెచ్చు. 1876-78 మధ్య దక్షిణదేశమును పీల్చి పిప్పిచేసిన ధాత కరువు పల్లెలను ఖాళీ చేసెను. ఒడంబడిక గడువు అయిదేండ్లు. మగవారికి నెలకు పండ్రెండున్నర ఫ్రాంకుల జీతము, తిండిగింజలు, బట్టలు, వైద్యము, గడువు తీరిన పిదప ఉచితముగ తిరుగు ప్రయాణము అని కాగితముపై వ్రాసియుండెను. కాని పనిచేసిన దినములనే లెక్కగట్టి, జబ్బుపడిన దినములను, పనికి రాని దినములను గడువునకు జోడించుటచే, అయిదేండ్లు అయిదేండ్లలో ముగియుట అరుదు. తిరుగు ఓడ ఎప్పుడు వచ్చునో చెప్పువారు లేరు. మరల ఒప్పందము చేసికొన్నచో బహుమానమిత్తుమని యజమానులు ఆశ పెట్టెడివారు. జ్వరములు, అతిసారము, గొడ్డుచాకిరి అనేకులను పొట్టనబెట్టుకొనెను. బయలుదేరినవారిలో అధికులు మరల ఈ తీరమును చూడలేదు.

బ్రిటిషు రాజ్యములోని జనులు ఫ్రెంచి దీవులకు పోవుటకు 1861లో ఇంగ్లండు, ఫ్రాన్సు దేశములు ఒడంబడిక చేసికొనెను. కూలీల దుస్థితిని గూర్చి ఫిర్యాదులు పెరుగుటచే బ్రిటిషు ప్రభుత్వము 1888లో ఈ రెండు దీవులకు వలసను నిలిపివేసెను. 1889 మొదట గ్వాడెలూపు చేరిన ఓడతో ఈ అధ్యాయము ముగిసినది. పోయినవారు పోయినచోటనే నిలిచిరి. వారి వెనుక క్రొత్తవారు రాలేదు. ఊరి కబురు, ఊరి పాట, ఊరి మాట తెచ్చువారు లేకపోయిరి. తరువాతి కథను అర్థము చేసికొనుటకు ఈ విషయమును గుర్తుంచుకొనవలెను.

ఆ దీవులలో వారి దినచర్య చెరకుతో ఆరంభమై చెరకుతో ముగిసెడిది. సంవత్సరపు తొలి ఆరు నెలలు చెరకు కోత. ఒక చేత పొడవైన కత్తి, వెనుక కట్టలు కట్టు స్త్రీలు, ఆపైన ఎడ్లబండ్లు, చివరకు గానుగ. బానిసలు విడిచిపోయిన గుడిసెల వరుసలే వీరికి ఇండ్లైనవి. స్వేచ్ఛ పొందిన నల్లజాతివారు తొలుత వీరిని తమ కూలిరేట్లను చెడగొట్ట వచ్చినవారని చిన్నచూపు చూచిరి. కాలక్రమమున ఇరువురును ఒకే సంతలో కొనుగోలు చేసి, ఒకే చెరువు నీరు త్రాగి, ఒకే క్రియోలు భాష మాట్లాడుకొనిరి. పశువుల పెంపకమున వీరి నేర్పు దీవులందంతటను పేరు పొందెను. కూలి డబ్బు కూడబెట్టి ఒక ఆవును కొని, దాని పాలమ్మి చెక్క నేలను కొని, ఆ నేలలో తామే చెరకు వేసికొనిన కుటుంబములు పలు. గ్వాడెలూపులో కాపెస్తెర్, సాం‌ఫ్రాన్స్వా, మూల్ అను ప్రాంతములు, మార్టినీకులో ఉత్తరపు కొసన బాస్‌ప్వాంత్ ప్రాంతము వీరి నెలవులైనవి. సుప్రసిద్ధ కవి, రాజకీయ నాయకుడు ఎమే సెజేర్ 1913లో జన్మించిన బాస్‌ప్వాంత్ ఇదియే.

మొదట మారినవి పేర్లు. ఓడ దిగినవాడు తన పేరు చెప్పగా, తన చెవికి వినబడినట్లు గుమాస్తా లాటిను లిపిలో వ్రాసికొనెను. ఇంటిపేరు, తండ్రిపేరు, సొంతపేరు అను భేదము ఆ పుస్తకమున లేదు. వ్రాసినదే ఇంటిపేరై తరతరములకు నిలిచెను. ముత్తుస్వామి మూతూసామి అయ్యెను, రామస్వామి రమసామి, చిదంబరము సిదంబరోమ్, నాగప్పన్ నగపెన్, లక్ష్మణన్ లచూమనెన్. పిల్లలకు చర్చిలో జ్ఞానస్నానము చేయించి హెన్రీ, జోసెఫ్, మరియా వంటి పేర్లు పెట్టిరి. ఈ విధముగ ఒక్క మనిషిలో ముందు రోమునగరము, వెనుక చిదంబరము నిలిచినవి. నేడు ప్వాంతపీత్రు వీధులలో అంగడి పలకలపై కనబడు ఇటువంటి పేర్లను పుదుచ్చేరి వాసి యెవరైనను బిగ్గరగ చదివినచో తన పొరుగువాని పేరే వినబడును.

మతవిషయమున వారి తీరు విచిత్రము. ఆదివారము చర్చికి పోవుట, మ్రొక్కుబడి నాడు అమ్మవారి గుడికి పోవుట వారికి విరుద్ధములుగ తోచలేదు. మారియమ్మ అచట 'మలియెమెన్' అయినది. మధురైవీరుడు వేరు పలుకుబడితో నిలిచినాడు. ఓడ ప్రయాణమున ప్రాణములు దక్కించినవాడని నాగూరు దర్గా మహనీయునికి మ్రొక్కు నిలుపుకొనుటయు మానలేదు. 'నాగూమిలా' యని పిలిచి, ఓడస్తంభము వంటి పొడవైన కొయ్యకు జెండా నెత్తుదురు. కాపెస్తెర్ చేరువ షాంజీ అనుచోట గల గుడి రంగురంగుల విగ్రహములతో ప్రసిద్ధము. మార్టినీకులో పూనకము వచ్చిన పూజారి చెరకు నరకు కత్తి అంచుపై నిలుచును. చెరకు కోసిన కత్తియే దైవసన్నిధానమున పరీక్షాసాధనమైనది. మేకను బలియిచ్చి, వండి, అరటియాకులలో అందరికిని వడ్డింతురు. ఆ బంతిలో నల్లజాతి పొరుగువారును కూర్చుందురు. పూజారి పఠించు తమిళవాక్యములు తాత నోట విని కంఠస్థము చేసినవి. అర్థము తెలిసినవారు క్రమముగ తగ్గిపోయిరి. రాత్రంతయు పురాణకథలను ఆడిపాడు 'నద్రోన్' అను నాటకము గ్వాడెలూపులో నిలిచినది. నాటకము అను మాటయే అట్లు మారినది.

వారి ఆచారములలో 'సంబ్లానీ' అను పేరు గలది తెలుగువారి మనస్సును ప్రత్యేకముగ తాకును. నవంబరు మొదట కాథలికులు సమాధులపై క్రొవ్వొత్తులు వెలిగించు దినములలో, భారతీయ సంతతివారు ఇంట పితరులకు ఇష్టమైన వంటకములు వండి, వారి పేర వడ్డించి, ధూపము వేయుదురు. సంబ్లానీ యనగా మరేమియు కాదు, మన సాంబ్రాణియే. పితృకార్యమునకు మంత్రము మరచిపోయిరి, తిథి మరచిపోయిరి, పురోహితుడు లేడు. ధూపపు వాసన మాత్రము మరువలేదు. ఆ వాసన పేరే కర్మ పేరైనది. వేపాకును నేటికిని పూజలో వాడుచు 'వేపేలే' అని తమిళపు మాటతోనే పిలుచుచున్నారు.

వంట సంగతి చెప్పవలసివచ్చినచో, ఇచట ఓడిపోయినవారు లేరు. ధనియాలు, పసుపు, ఆవాలు, జీలకఱ్ఱ, మెంతులు కలిపి నూరిన మసాలాను వారు 'కొలంబో' అందురు. కుళంబు అను తమిళపు మాటయే ఇట్లైనదని కొందరు, సింహళద్వీపపు కొలంబో రేవు పేరు వచ్చినదని కొందరు చెప్పుదురు. మేకమాంసము కొలంబో, కోడి కొలంబో ఆ రెండు దీవులలోని ప్రతి ఇంటి వంటకము. భారతీయుడు, నల్లజాతివాడు, తెల్లవాడు అను భేదము దానికి లేదు. చిన్నచూపు చూడబడిన కూలీ వంటకము దేశపు వంటకమైనది. ప్వాంతపీత్రులో ప్రతి సంవత్సరము ఆగస్టు నెలలో వంటకత్తెల పండుగ జరుగును. 1916లో ఏర్పడిన వంటకత్తెల సంఘమువారు నగలు ధరించి, గంపలలో వంటకములు పేర్చుకొని ఊరేగింపుగ చర్చికి పోయి ఆశీర్వాదము పొందుదురు.

ఆ పండుగనాడు ఆ స్త్రీలు ధరించు గళ్లబట్ట కథ తెలుగువారికి మిక్కిలి సన్నిహితమైనది. దాని పేరు 'మద్రాసు'. కూలీల ఓడలకు చాల ముందుగ, 18వ శతాబ్దముననే, కోరమండలతీరమున నేసిన గళ్ల రుమాళ్లు ఫ్రెంచి కంపెనీ ఓడలలో ఆ దీవులకు చేరెను. బానిస స్త్రీలు, స్వేచ్ఛ పొందిన స్త్రీలు వానిని తలకు చుట్టుకొనిరి. రంగు ఇంకను మెరయుటకై పసుపుపచ్చని రంగును గళ్లపై చేతితో దిద్దుట అచట ఒక వృత్తియే యైనది. తలగుడ్డకు ఎన్ని కొసలు నిలుపవలెనో దానికొక అర్థము గలదని లోకులు చెప్పుకొందురు: ఒక కొస కన్యకు, మూడు కొసలు పెండ్లియైన ఇల్లాలికి. ఈ బట్టలలో మచిలీబందరు రుమాళ్లు, పులికాటు రుమాళ్లు ఫ్రెంచి వర్తకుల జాబితాలలో పేరుపేరున గలవు. మెక్సికో దేశమున నేటికిని రుమాలును 'పాలియకాతే' అందురు. అది పులికాటు పేరే యని పలువురు పండితుల యభిప్రాయము. మద్రాసు రుమాళ్లను విదేశములకై నేయు పని చీరాల ప్రాంతపు మగ్గములపై 20వ శతాబ్దమునను సాగినది. తెలుగు సాలెవాని చేయి తాను ఎన్నడు చూడని దీవిలో స్త్రీల జాతీయవేషమును నిర్ణయించెను. సాలెవాని పేరు ఆ దీవిలో ఎవ్వరికిని తెలియదు. దీవి పేరు ఈ సాలెవానికి తెలియదు.

బట్ట నిలిచినది, మసాలా నిలిచినది, దేవత నిలిచినది. భాష ఏల నిలువలేదు? దీనికి కారణములు దుర్గ్రాహ్యములు కావు. వచ్చినవారు పలుచోట్ల పలుభాషలవారు. తోటలలో వారిని విడదీసి పంచిరి. స్త్రీలు తక్కువ. పొరుగువానితో మాట్లాడుటకు క్రియోలు, దొర యొద్దకు పోవుటకు ఫ్రెంచి అవసరమైనవి. బడిలో ఫ్రెంచి తప్ప మరియొక భాషకు చోటు లేదు. 1889 తరువాత క్రొత్తవారి రాక లేదు. ఇవన్నియు బయటి కారణములు. ఇంటిలోపలి కారణము వేరు. కూలిభాష పిల్లలకు అపహాస్యము తెచ్చునని తలిదండ్రులే వారితో ఆ భాష మాట్లాడుట మానిరి. బిడ్డ సుఖము కోరియే మానిరి. అందులో తప్పెన్నుటకు లేదు. కాని ఒక తరము మౌనముగ నున్నచో రెండవ తరము మూగబోవును. మూడవ తరమునకు ఆ భాష దేవునితో మాత్రమే మాటాడు భాషగ మిగిలెను.

భాష పోయినవారు ఆత్మగౌరవమును పోగొట్టుకొనలేదనుటకు హెన్రీ సిదంబరోమ్ జీవితము నిదర్శనము. 1863లో కాపెస్తెర్‌లో భారతీయ వలస దంపతులకు జన్మించిన యీతడు చదువుకొని, కొంతకాలము ప్రభుత్వ కార్యాలయమున పనిచేసి, తరువాత పురపాలక సభ్యుడైనాడు. ఆ దీవిలోనే పుట్టి, ఆ దీవిలోనే పన్ను చెల్లించు భారతీయ సంతతివారికి వోటు లేకుండుట ఆయనకు సహింపరానిదయ్యెను. 1904లో వోటర్ల పట్టికలో వారి పేర్లను చేర్చవలెనని పూనుకొనెను. వలసప్రభుత్వము అడ్డుపడినది. వీరి పెద్దలు బ్రిటిషు ఇండియా నుండి వచ్చినవారు గావున వీరు ఫ్రెంచి పౌరులు కారని వాదించినది.

ఇందలి వైపరీత్యమును గమనింపుడు. ఆ కాలముననే పుదుచ్చేరిలో నివసించు భారతీయుడు ఫ్రాన్సు పార్లమెంటునకు ప్రతినిధిని ఎన్నుకొనుచుండెను. ఫ్రెంచి భూమిపైన పుట్టి, ఫ్రెంచి బడిలో చదివి, ఫ్రెంచి భాష తప్ప మరియొకటి రాని గ్వాడెలూపు భారతీయునికి మాత్రము ఆ హక్కు లేదు. పుదుచ్చేరి పొలిమేర దాటి రెండు క్రోసుల దూరమున తాత పుట్టుటచేత, సముద్రములకు ఆవల మనుమని వోటు పోయినది!

సిదంబరోమ్ కత్తి పట్టలేదు, తోట తగులబెట్టలేదు. అర్జీలు వ్రాసెను, చట్టములను త్రవ్వి చూపెను, పత్రికలలో వాదించెను, కోర్టులకెక్కెను. ఫైళ్లు ఎంత మెల్లగ నడచునో ఎరిగిన ఉద్యోగులకు ఆయన ఓర్పు విలువ బాగుగ తెలియును. ఆ వివాదము పందొమ్మిది సంవత్సరములు సాగి, 1923లో ఫ్రాన్సు ప్రధాని రేమోన్ ప్వాంకరే ప్రభుత్వ నిర్ణయముతో ముగిసినది. భారతీయ సంతతివారికి వోటుహక్కు, దానితోపాటు సైనికసేవా బాధ్యతయు లభించెను. 1946లో గ్వాడెలూపు, మార్టినీకులు వలసదేశములుగాక ఫ్రాన్సులోని జిల్లాలతో సమానమైనవి. దానిని కూడ చూచి సిదంబరోమ్ 1952లో కన్నుమూసెను.

ఆయన వేసిన బాటలో తరువాతివారు ముందుకు నడచిరి. సాం‌ఫ్రాన్స్వా పట్టణపు మేయరుగను, 1981 నుండి 2002 వరకు ఫ్రాన్సు పార్లమెంటు సభ్యుడుగను ఉన్న ఎర్నెస్ట్ మూతూసామి భారతీయ కూలీల జీవితమునే వస్తువుగ గ్రహించి 1987లో 'ఒరోర్' అను నవల వ్రాసెను. భారతీయ సంతతివారి కథను మార్టినీకు రచయిత రఫాయెల్ కొంఫియాన్ 2004లో ప్రకటించిన నవలకు ఇతివృత్తము చేసెను. 2003లో మార్టినీకునను, 2004లో గ్వాడెలూపునను మొదటి ఓడ వచ్చిన నూటయేబది సంవత్సరముల ఉత్సవములు జరిగినవి. ద్రావిడభాషలలో పనికి ప్రతిఫలమను గౌరవమైన అర్థము గల 'కూలి' అను మాట ఆ దీవులలో 'కూలీ' అను తిట్టుగ మారియుండెను. ఇప్పుడు కొందరు ఆ మాటనే తలయెత్తి తమ పేరుగ చెప్పుకొనుచున్నారు. మారిషసు కవి ఖల్ తొరబుల్లి ఆ మాటనుండియే ఒక సాహిత్యసిద్ధాంతమునకు పేరు సృష్టించెను.

ఇంగ్లీషువారి యేలుబడిలో నున్న పొరుగుదీవి ట్రినిడాడులో కథ కొంత భిన్నము. 1845 మే 30న మొదటి ఓడ కలకత్తా నుండి అచటికి చేరినది. 1917 వరకు 1,40,000 మందికి పైగా పోయిరి. మద్రాసు రేవు నుండి పోయిన తమిళులను, తెలుగువారిని అచట 'మద్రాసీ'లనిరి. నిప్పులు త్రొక్కు వ్రతము వారిదిగ పేరుపొందినది. కాని అధికసంఖ్యాకులు భోజపురివారు. వారి పెండ్లిపాటలు కాలక్రమమున 'చట్నీ' యను క్రొత్త సంగీతమైనవి. మెత్తని బారాల నడుమ శనగకూర పెట్టి అమ్ము 'డబుల్స్' అను ఫలాహారము నేడు ఆ దేశపు ఉదయమునకు గుర్తు. మే 30 అచట సెలవుదినము. ఒక చిత్రమైన కాకతాళీయము గలదు. 1962 ఆగస్టు 16న పుదుచ్చేరి న్యాయసమ్మతముగ భారతదేశమున చేరెను. అదే నెల 31న ట్రినిడాడు టొబేగో స్వతంత్రమయ్యెను. ఓడ బయలుదేరిన తీరము, ఓడ చేరిన దీవులలో నొకటి, ఒకే నెలలో పరుల యేలుబడి నుండి విముక్తి పొందినవి.

దీనికి పోల్చదగిన మరియొక దీవి మారిషసు. 1830 నుండి మొదలైన దశకమున, నందన కరువు బాధ ఇంకను ఆరకమునుపే, కోరంగి తీరము నుండి తెలుగువారు అచటికి పోయిరి. అచటనుగూడ చెరకే, అచటనుగూడ గుడిసెల వరుసలే, అచటనుగూడ ఫ్రెంచి కలసిన క్రియోలే ఇంటిభాష యగుచుండెను. కాని వారు రామభజనలకు గుమిగూడుట మానలేదు. సింహాద్రి అప్పన్న పూజను, అమ్మోరు పండుగను విడువలేదు. 20వ శతాబ్దమున ఆంధ్ర మహాసభను స్థాపించుకొని, పిల్లలకు సాయంకాలపు బడులు పెట్టి, తుదకు ప్రభుత్వ పాఠశాలలలో తెలుగును పాఠ్యభాషగ సాధించుకొనిరి. ఉగాది అచట ప్రభుత్వ సెలవుదినము. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలో జరిగినవి. అచట భారతీయులు అధికసంఖ్యాకులగుట నిజమే. స్వదేశముతో రాకపోకలు తెగిపోకుండుట నిజమే. కాని సంఖ్యాబలమొక్కటియే కారణమనుట సరికాదు. వారానికొకమారు పదిమంది చేరు చోటు ఒకటి, పిల్లలకు ఓనమాలు దిద్దించువాడొకడు ఉండుటయే ముఖ్యకారణము.

ఈ రెండు కథలను పక్కపక్కన పెట్టి చూచినచో ఒక క్రమము గోచరించును. నాలుక రుచి నాలుగు తరములైనను పోదు. దేవతను భయభక్తులు కాపాడును. బట్టను సౌందర్యము కాపాడును. హక్కులను సిదంబరోమ్ వంటి పట్టుదల గలవారు సాధించి పెట్టుదురు. భాషను మాత్రము తనంతట తాను కాపాడునది ఏదియు లేదు. ఇంట మాటాడినచో నిలుచును, మానినచో పోవును. గ్వాడెలూపు తల్లిదండ్రులు పేదరికమున, అవమానమున, గత్యంతరము లేక మానిరి. ఉద్యోగరీత్యా రాష్ట్రము విడిచి వచ్చి, బదిలీపై బదిలీగ ఊళ్లు మారుచున్న తెలుగు కుటుంబములకు అట్టి నిర్బంధమేదియు లేదు. కొలంబో కూర వండుకొని పితరులకు సాంబ్రాణి వేయు ఆ దూరపు బంధువులు తమకు దక్కినదానిని ప్రాణసమానముగ కాపాడుకొనుచున్నారు. దక్కనిదాని విలువ వారికి బాగుగ తెలియును. అందుచేతనే వారి మనుమలు కొందరు నేడు తమిళ అక్షరములు దిద్దుటకు పుస్తకములు తెప్పించుకొనుచున్నారు. నూటయేబది ఏండ్ల పిమ్మట అక్షరాభ్యాసము చేసికొనుట ఎంత కష్టమో వారినడిగిన చెప్పుదురు. రాత్రి భోజనము వేళ పిల్లవానితో నాలుగు మాటలు తెలుగున ఆడుట అంత కష్టము కాదు.